ఆసుపత్రి నుంచి మీ వైద్య వివరాలు బయటికి పోతే ఏం చేయాలి: గోదావరి జిల్లాల రోగులకు చట్టం చూపే దారులు

భీమవరంలోనో అమలాపురంలోనో నర్సింగ్ హోమ్‌కు వెళ్లిన రోగి, డాక్టరును చూడకముందే కౌంటరులో ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఆరోగ్య బీమా కార్డు అప్పగిస్తాడు. ఆ తర్వాత రక్త పరీక్ష ఫలితం, స్కానింగ్ రిపోర్టు, మందుల చీటీ, బిల్లు అన్నీ ఒకే రిజిస్ట్రేషన్ నంబరు కింద కంప్యూటరులోకి చేరతాయి. బ్యాంకు ఖాతా వివరాలు లీకైతే ఖాతా మార్చుకోవచ్చు, ఫోన్ నంబరు లీకైతే సిమ్ మార్చుకోవచ్చు. గర్భసంచి తీసేశారన్న సంగతిని, మానసిక జబ్బుకు మందులు వాడుతున్నారన్న సంగతిని మాత్రం ఒకసారి ఊరికి తెలిశాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. కనుక ఇలాంటి లీకు జరిగినప్పుడు చట్టం దగ్గరికి ఏ వరుసలో వెళ్లాలో తెలిసి ఉండటం అవసరం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉందని విని, అందులో తమకూ కొంత దక్కుతుందని చాలామంది అనుకుంటారు. దక్కదు. ఆ జరిమానా భారత సంఘటిత నిధికి జమ అవుతుంది. నష్టపోయిన రోగికి అందులోంచి పైసా ఇవ్వాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. జరిమానా అనేది తప్పు చేసిన సంస్థకు, ప్రభుత్వానికి మధ్య వ్యవహారం. మీకు కావలసింది పరిహారం, దానికి దారులు వేరే చట్టాలలో ఉన్నాయి. ఆ దారుల్లో ఒకటి 2027 మే నెలతో మూసుకుపోనుంది.

ఏ రకం లీకో తేల్చుకోండి

బయటివాళ్లు సర్వర్లలోకి చొరబడటం ఒక రకం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడిలో (కంప్యూటర్లను స్తంభింపజేసి డబ్బు అడిగే దాడి) ఆన్‌లైన్ సేవలు ఆగిపోయి, సిబ్బంది కొన్ని రోజుల పాటు చేతిరాతతో ఓపీ చీటీలు రాయవలసి వచ్చింది. 2024లో స్టార్ హెల్త్ బీమా సంస్థ ఖాతాదారుల వివరాలు టెలిగ్రామ్ చాట్‌బాట్ల ద్వారా బయటపడగా, ఆ సంస్థ మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. ఇవి పేపర్లకెక్కే లీకులు.

మన ప్రాంతంలో ఎక్కువగా జరిగేవి పేపర్లకెక్కవు. ల్యాబులో పనిచేసే కుర్రాడు రోగుల జాబితాను మందుల ఏజెన్సీకి ఇస్తాడు. స్కానింగ్ సెంటరు, రోగిని పంపించిన ఆర్‌ఎంపీకి రిపోర్టును వాట్సాప్ చేయబోయి ఊరి గ్రూపులో పెట్టేస్తుంది. గల్ఫ్ వెళ్లడానికి మెడికల్ చేయించుకున్న మహిళ ఫలితం ఆమెకంటే ముందు ఏజెంటుకు, ఏజెంటు నుంచి వీధిలోకి చేరుతుంది. ఇక పాత కేస్ షీట్లను తూకానికి అమ్మేయడం ఉండనే ఉంది; వేడి బజ్జీల కింద ఎవరిదో మూత్రపిండాల పరీక్ష ఫలితం కనిపించడం మనవైపు అంత వింతేమీ కాదు.

ఈ తేడా ఎందుకంటే, సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం కింద పరిహారం అడగాలంటే సమాచారం కంప్యూటరులోనో ఫోన్‌లోనో ఉండి అక్కడి నుంచి పోయి ఉండాలి. కాగితం రూపంలోనే ఉండి కాగితంగానే బయటికి పోయినదానికి ఆ చట్టం వర్తించదు. దానికి వినియోగదారుల కమిషన్, వైద్య మండలి దారులే మిగులుతాయి. అలాగే ఆసుపత్రి ప్రైవేటుదా ప్రభుత్వానిదా అన్నది కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఎందుకంటే తర్వాత వేదిక ఎంచుకోవడం దాని మీదే ఆధారపడుతుంది.

మొదటి పని: డబ్బుకు కాపలా

లీకైన వివరాలతో మోసగాళ్లు చేసే మొదటి ఫోన్ చాలా నమ్మకంగా ఉంటుంది. మీ పేరు, డాక్టరు పేరు, ఆపరేషన్ తేదీ చెప్పి, బిల్లులో రీఫండ్ ఉందనో, ఆరోగ్య పథకం సొమ్ము ఆగిపోయిందనో అంటారు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేసి, వచ్చిన నంబరును రాసుకోండి. ఆ తర్వాత గంటలోపే బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా తెలపండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో పక్షం వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు బాధ్యత ఉండదని రిజర్వు బ్యాంకు 2017లోనే నియమం పెట్టింది. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టం మీదే అవుతుంది, ఆ తర్వాత జరిగినది బ్యాంకుది. ఆలస్యమయ్యే ప్రతి గంటకూ విలువ ఉందన్నమాట.

డబ్బు పోకపోయినా ఆధార్ బయోమెట్రిక్స్‌ను ఆధార్ యాప్‌లో లాక్ చేయండి. ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో చూపే చరిత్ర కూడా అక్కడే కనిపిస్తుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి. మీకు తెలియకుండా ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలుసుకోవడానికి క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది. బీమా ఉన్నవారు కంపెనీకి ఫోన్ చేసి, తమ పాలసీ మీద ఈ మధ్య ఏవైనా క్లెయిములు పడ్డాయేమో రాతపూర్వకంగా అడగాలి. మీ పేరుతో మరొకరి చికిత్స బిల్లు పెడితే, రేపు మీకు అవసరమైనప్పుడు బీమా మొత్తం ఖర్చయిపోయి ఉంటుంది.

రెండవ పని: సాక్ష్యం

ఇలాంటి కేసుల్లో రోగులు ఎక్కువగా ఓడిపోయేది ఈ ఒక్కచోటే కనుక దీనికి కాస్త సమయం కేటాయించండి. వివరాలు బయటికి పోయాయని నిరూపించడం తేలిక. ఫలానా ఆసుపత్రి నుంచే పోయాయని నిరూపించడం కష్టం. మీ ఫోన్ నంబరు గ్యాస్ కంపెనీ దగ్గరా ఉంది, రేషన్ డీలరు దగ్గరా ఉంది, పిల్లల కాలేజీలోనూ ఉంది, ఆసుపత్రి వకీలు మొదట అడిగేదీ ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే ఆ ఆసుపత్రిలో మాత్రమే ఉన్న గుర్తు ఒకటి వెతకాలి. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు మీ ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుగా కొట్టి ఉండవచ్చు. అదే తప్పు మోసగాడి మెసేజ్‌లోనూ ఉంటే అంతకు మించిన సాక్ష్యం అరుదు. అక్కడ మాత్రమే ఇచ్చిన అల్లుడి ఫోన్ నంబరుకు ఆ కాల్ రావడం, బిల్లు మీద ఉండే రిజిస్ట్రేషన్ నంబరును అవతలివాళ్లు చదివి వినిపించడం కూడా అలాంటివే.

వచ్చిన మెసేజ్‌ను తీసేయకండి, ఫోన్‌ను రీసెట్ చేయకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే అమరిక ఉంటే ఆపేయండి. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పంపినవారి నంబరు, తేదీ, సమయం కనబడాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టు ముందు పెట్టడానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఒక ధ్రువపత్రం కావాలి. దానిలో ఒక భాగం ఫోన్ ఎవరి ఆధీనంలో ఉందో వారు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఇప్పుడే చేయించనక్కరలేదు గాని, అసలు ఫోన్ చేతిలో లేకపోతే ఆ పత్రం పుట్టడం కష్టం. లీకైన ఫైలు ఏ గ్రూపులోనైనా కనబడితే మీ వివరాలున్న భాగం వరకే చూసి దాచుకోండి, ఇతర రోగుల వివరాలున్న ఫైలును ఎవరికీ పంపకండి. "చూడండి, ఎంత ఘోరమో" అని పంపినా, ఆ మనుషుల పరువు తీసినవారిలో మీరూ చేరతారు, చట్టం ముందు ఇబ్బందిలోనూ పడతారు.

దీనితోపాటు మీ వైద్య రికార్డుల నకలు అడగండి. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి గాని, అతని తరఫున అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి. బిల్లు రసీదులు కూడా జాగ్రత్త చేయండి. రేపు వినియోగదారుల కమిషన్‌లో మీరు డబ్బు కట్టిన వినియోగదారు అని చూపేవి అవే.

మూడవ పని: ఆసుపత్రికి ఉత్తరం

ఎంత కోపంగా ఉన్నా పోలీసు స్టేషన్‌కు, కోర్టుకు వెళ్లే ముందో, వెళ్లిన రోజునో ఈ ఉత్తరం పోస్టు చేయండి. కారణం ఇది. ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో చెప్పే లాగ్‌లు ఆసుపత్రి కంప్యూటర్లలోనే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆ లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లోపు ఆ సంస్థకు తెలపాలి. 180 రోజుల తర్వాత లాగ్ చెరిగిపోతే ఆసుపత్రిని తప్పుపట్టడం కష్టం. మీరు ముందే ఉత్తరం రాసి, ఫలానా రికార్డును భద్రపరచమని అడిగి ఉంటే, ఆ తర్వాత చెరిగిపోయినదానికి వాళ్లే జవాబు చెప్పుకోవాలి. ఆరు నెలలు ఫోన్లలో బతిమాలుతూ గడిపినవారి దగ్గర చివరికి ఏమీ మిగలదు.

ఉత్తరం మేనేజింగ్ డైరెక్టరుకో, యజమాని అయిన డాక్టరుకో, ఫిర్యాదుల అధికారికో రాయాలి. 2011 నాటి సున్నిత సమాచార నియమాల ప్రకారం ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టి, నెలలోపు ఫిర్యాదు పరిష్కరించాలి; చిన్న నర్సింగ్ హోమ్‌లలో అలాంటి అధికారి ఉంటారని ఆశపడకండి, యజమాని పేరుతోనే రాయండి. ఇంచుమించుగా ఇలా ఉంటే చాలు:

"నేను ఫలానా తేదీన మీ ఆసుపత్రిలో ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు కింద చికిత్స పొందాను. ఫలానా తేదీన ఫలానా నంబరు నుంచి నాకు వచ్చిన మెసేజ్‌లో నా చికిత్స వివరాలు ఉన్నాయి, దాని నకలు జతచేస్తున్నాను. నా వివరాలు మీ దగ్గరి నుంచి ఎప్పుడు, ఎలా, ఎవరికి వెళ్లాయో, మీ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు నిర్వహిస్తున్నారో, ఈ సంగతి సెర్ట్-ఇన్‌కు, పోలీసులకు తెలిపారో లేదో రాతపూర్వకంగా తెలియజేయండి. నా రికార్డును తెరిచినవారి లాగ్‌లను, నా పేరు మీద పంపిన మెసేజ్‌లను, సంబంధిత సీసీ కెమెరా దృశ్యాలను చెరపకుండా భద్రపరచండి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే చట్టప్రకారం ముందుకు వెళ్తాను. నా హక్కులేవీ ఈ ఉత్తరంతో వదులుకోవడం లేదు."

తిట్లు వద్దు, పత్రికలకు ఎక్కిస్తామన్న బెదిరింపులు వద్దు, డబ్బు ఎంత కావాలో ఈ ఉత్తరంలోనే రాయడం అంతకన్నా వద్దు. రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక, రిజిస్ట్రేషన్ సదుపాయం అడిగి, అందినట్లు రుజువు వచ్చేలా పంపండి. అదే ఉత్తరాన్ని ఈమెయిల్‌లో కూడా పంపితే తేదీ మీద వాదన ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రి అయితే దీనితోపాటు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

నాల్గవ పని: పోలీసులు

మీ వివరాలతో మోసం జరిగినా, బెదిరించి డబ్బు అడిగినా, సిబ్బందే వివరాలు అమ్ముకున్నా అది నేరమే. ఐటీ చట్టంలో సెక్షన్ 66 చొరబాటుకు, 66సి ఇతరుల గుర్తింపు వివరాల దొంగవాడకానికి, 66డి కంప్యూటరు సాయంతో మరొకరిగా నటించి మోసగించడానికి వర్తిస్తాయి. సేవ కోసం అప్పగించిన వ్యక్తిగత సమాచారాన్ని నష్టం కలిగిస్తుందని తెలిసీ బయటపెట్టినవారికి 72ఏ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ఆసుపత్రి ఉద్యోగులకు ఎక్కువగా వర్తించేది ఇదే. సెక్షన్లు మీరు రాయనక్కరలేదు, జరిగింది తేదీలతో రాస్తే చాలు.

మన మండల స్టేషన్లలో ఎక్కువగా ఉండేది ఎస్సై. ఐటీ చట్టం కేసుల దర్యాప్తు మాత్రం ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. అంతమాత్రాన ఫిర్యాదు తీసుకోబోమని తిప్పి పంపడం చెల్లదు. పోలీసు, క్రిమినల్ కోర్టుల పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగిందన్నదానితో నిమిత్తం లేకుండా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. నిరాకరిస్తే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. యానాంలో ఉంటూ కాకినాడలో వైద్యం చేయించుకునేవారు రెండు ప్రభుత్వాల మధ్య తిరగవలసిన పని లేదు. ఏ ఒడ్డున ఉన్న స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఎఫ్‌ఐఆర్‌తో పరిహారం రాదు. అయినా ఆసుపత్రి లాగ్‌లను బలవంతంగా స్వాధీనం చేసుకోగలిగేది పోలీసులే కనుక ఈ మెట్టు దాటేయకండి.

అయిదవ పని: పరిహారానికి వేదిక ఎంచుకోవడం

ప్రైవేటు ఆసుపత్రి మీద పరిహారానికి ఇప్పుడు రెండు ప్రధాన దారులున్నాయి. మొదటిది 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 43ఏ. సున్నిత సమాచారాన్ని కాపాడటంలో అజాగ్రత్త వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఆ సంస్థ పరిహారం చెల్లించాలి. వైద్య రికార్డులు, ఆరోగ్య స్థితి సున్నిత సమాచారమేనని 2011 నాటి నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. కంపెనీలే కాదు, ఒక్క డాక్టరు నడిపే క్లినిక్, ల్యాబు, గల్ఫ్ ఏజెంటు వ్యాపారం కూడా ఈ సెక్షన్ కిందికి వస్తాయి. అయిదు కోట్ల రూపాయల వరకు క్లెయిములను విచారించేది రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి, న్యాయనిర్ణయాధికారి హోదాలో. కార్యాలయం వెలగపూడి సచివాలయంలో ఉంటుంది. అడిగే మొత్తాన్ని బట్టి రుసుము ఉంటుంది. నాలుగు నెలల్లో, ఎంత ఆలస్యమైనా ఆరు నెలల్లో తేల్చాలని నియమం. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి.

రెండవది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. సేవాలోపం సంగతి అందరికీ తెలిసిందే గాని, ఇందులో అంతగా ప్రచారం లేని మాట మరొకటి ఉంది: వినియోగదారుడు నమ్మకంతో చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించడమే అనుచిత వ్యాపార పద్ధతి అని ఈ చట్టం నిర్వచనంలోనే చేర్చింది. కాగితమా కంప్యూటరా అన్న తేడా దీనికి లేదు. డబ్బు నష్టం లేకుండా పరువు, మనశ్శాంతి మాత్రమే పోయినప్పుడు కూడా పరిహారం అడగవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, మన ప్రాంతంలో మామూలు రోగికి రెండవ దారే మేలు. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, ఆసుపత్రి హైదరాబాదులో ఉన్నా సరే. ఆసుపత్రికి కట్టిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల వరకు. ఈ లెక్క మీరు కట్టిన ఫీజును బట్టే, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. కారణం పుట్టిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. 43ఏ కింద అయితే భద్రతా ఏర్పాట్లలో అజాగ్రత్త ఉందనీ, దానివల్ల నష్టం జరిగిందనీ మీరు చూపాలి. సాంకేతిక సాక్ష్యం లేకుండా అది బరువైన పని. ఖాతాలోంచి పెద్ద మొత్తం పోయి, దర్యాప్తులో లీకు ఆసుపత్రి సర్వరు నుంచేనని తేలినప్పుడు మాత్రం వెలగపూడి దారి పట్టండి. ఒకే నష్టానికి రెండుచోట్లా పరిహారం అడగకండి. అవతలి వకీలుకు అది అప్పనంగా దొరికిన వాదన అవుతుంది.

ప్రభుత్వ పథకం కింద ఉచితంగా ఆపరేషన్ చేయించుకున్నవారు తాము వినియోగదారులు కాదేమోనని వెనకాడతారు. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిలో ఉచిత రోగులు కూడా వినియోగదారులే. అందరికీ ఉచితంగానే వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి ఈ చట్టం కిందికి రాదు; 43ఏ కూడా దానికి వర్తించదు. అక్కడ మిగిలేది రాజ్యాంగం. గోప్యత జీవించే హక్కులో భాగమని 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు తేల్చారు కనుక, 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ వేసి దర్యాప్తు, దిద్దుబాటు, పరిహారం కోరవచ్చు. ఖర్చుతో కూడిన పని. లీకైనవారు పదిమంది ఉంటే కలిసి వెళ్లండి.

ఆసుపత్రితో గొడవ కోర్టు దాకా లాగడం ఇష్టం లేనివారికి శాశ్వత లోక్ అదాలత్ ఉంది. ఆసుపత్రి సేవ, బీమా సేవ రెండూ దాని పరిధిలోని ప్రజోపయోగ సేవలే. కోటి రూపాయల వరకు వివాదాలు తీసుకుంటుంది, రుసుము ఉండదు, రాజీ కుదరకపోతే తానే తేల్చగలదు. వేరే కోర్టులో కేసు వేయకముందే అక్కడికి వెళ్లాలన్నది ముఖ్యమైన షరతు.

డాక్టరే స్వయంగా రహస్యం బయటపెడితే విజయవాడలోని రాష్ట్ర వైద్య మండలికి, నర్సింగ్ హోమ్ రికార్డులను చెత్తగా వదిలేస్తే దాని రిజిస్ట్రేషన్‌ను చూసే జిల్లా వైద్య, ఆరోగ్యాధికారికి కూడా ఒక ఫిర్యాదు పంపండి. వాటివల్ల మీకు డబ్బు రాదు గాని, రిజిస్ట్రేషన్‌కు ముప్పు వస్తుందంటే ఉత్తరాలకు జవాబు రాయని యాజమాన్యాలు కూడా కదులుతాయి.

కొన్ని జబ్బులకు గట్టి కవచాలు

హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలకు 2017 నాటి ప్రత్యేక చట్టం, హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం ఉంది. అనుమతి లేకుండా ఆ స్థితిని వెల్లడించకూడదు. ఉల్లంఘనల మీద రాష్ట్రం నియమించే అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదుల విచారణాధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. కోర్టులో అసలు పేరు లేకుండా మారుపేరుతో విచారణ జరపమని కోరవచ్చు. పేరు బయటపడుతుందన్న భయంతోనే ఫిర్యాదు మానుకునేవారికి ఈ చివరి సదుపాయం పెద్ద ఊరట. మానసిక చికిత్స వివరాలకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 రక్షణ ఇస్తుంది. గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు, వివరాలు బయటపెట్టిన వైద్యుడికి 1971 నాటి వైద్య గర్భస్రావ (ఎంటీపీ) చట్టంలోని సెక్షన్ 5ఏ కింద ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. మీ విషయం వీటిలో ఒకటైతే ఫిర్యాదు మొదటి వాక్యంలోనే ఆ చట్టం పేరు రాయండి.

2027 మే తర్వాత

డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. రోగుల హక్కులు, ఆసుపత్రుల బాధ్యతలకు సంబంధించిన భాగం 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమలులోకి వస్తుంది. అప్పటి నుంచి లీకు జరిగిన వెంటనే ఆసుపత్రి ప్రతి బాధిత రోగికీ ఆ సంగతి చెప్పాలి, 72 గంటల్లో డేటా రక్షణ బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వాలి. మీరు ముందు ఆసుపత్రికి ఫిర్యాదు చేసి, అక్కడ తేలకపోతేనే బోర్డుకు వెళ్లాలి. దానికి వారికి గరిష్ఠంగా 90 రోజుల గడువు ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రులకు కూడా ఈ చట్టం వర్తించడం మంచి మార్పు. అబద్ధపు ఫిర్యాదు చేసినవారికి పదివేల వరకు జరిమానా ఉందన్నది కూడా గుర్తుంచుకోండి.

అదే రోజు సెక్షన్ 43ఏ రద్దవుతుంది. అంతకుముందు పుట్టిన హక్కు రద్దుతో పోదన్నది 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఇచ్చే సాధారణ రక్షణ గాని, ఆ వాదన మీద ఆధారపడే కంటే గడువులోపు దరఖాస్తు వేసి రసీదు చేతిలో పెట్టుకోవడం క్షేమం. ఆ తర్వాత జరిగే లీకులకు పరిహారం అడగాలంటే వినియోగదారుల కమిషన్ మీదే ఎక్కువ భారం పడుతుంది.

వకీలు, రాజీ

మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగిలినవారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా మీ ఊరికి దగ్గరి కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవాధికార సంఘానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆసుపత్రి బిల్లు, ఉత్తరం నకలు, పోస్టు రసీదు, మెసేజ్‌ల ముద్రిత ప్రతులు, సైబర్ ఫిర్యాదు నంబరు తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకోండి.

నోటీసు అందాక చాలా నర్సింగ్ హోమ్‌లు పెద్దమనుషుల ద్వారా రాజీ కబురు పంపుతాయి. రాజీ తప్పు కాదు. సంతకం పెట్టే కాగితంలో ఇకపై ఎలాంటి క్లెయిమూ ఉండదన్న వాక్యం ఉంటే, మీ వివరాలతో ముందు ముందు జరిగే మోసాలకు అది వర్తించదని దాని కిందే రాయించండి. లీకైన వివరాలు ఏడాది తర్వాత కూడా వాడతారు. ఏ వివరాలు, ఏ తేదీన బయటికి పోయాయో ఆసుపత్రి ఒప్పుకున్నట్లు అదే కాగితంలో ఉండాలి, రేపు బ్యాంకుకో బీమా కంపెనీకో చూపడానికి మీకు అదే పనికొస్తుంది. పోలీసు ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలన్న షరతు పెడితే వకీలుకు చూపించకుండా సంతకం పెట్టకండి. డబ్బు చెక్కుగానో బ్యాంకు బదిలీగానో తీసుకోండి, చేతికి నోట్లు ఇస్తామంటే ఒప్పుకోకండి.